తిమ్మయ్య మాస్టారికి నామం

"దేవుడి దయ అపారం! సముద్రమంత! ఆకాశమంత! అయితే అది మన మందిరం నిబంధనలకు లోబడి ఉంటాది!"

మలేషియాలోని మా సుంగై సుమున్ రామమందిరం కమిటీ అధ్యక్షులు అచ్చిబాబు గారు ఈ మాట సెలవిచ్చినప్పుడు ఆఫీసు గదిలో నలుగురం ఉన్నాం. ఆయన, కార్యదర్శిని గనక నేను, ఆంధ్ర నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన పంతులుగారు, ఎదురుగా కుర్చీ అంచున కూర్మమ్మత్త. ముందురోజే ఆమె భర్త తిమ్మయ్య మాస్టారి దహనం అయింది. పెద్దకర్మ మందిరం హాల్లో జరిపించమని అడగడానికి వచ్చిందామె.

వచ్చిన చిక్కల్లా మాస్టారు నాస్తికుడు కావడమే! ఆ సంగతి దాచుకున్న మనిషి కూడా కాదు. ఎస్టేటు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, రోజూ సాయంత్రం భార్యను మోటారుసైకిల్ మీద మందిరానికి తెచ్చేవారు. తాను గేటు బయట బండి మీదే కూర్చుని పేపరు చదువుకునేవారు. ఆమె లోపల్నుంచి తెచ్చిన ప్రసాదం పులిహోర తిని, "ఉప్పు సాల్లేదు! మీ రాముడికి బీపీ గానీ ఉన్నాదేటి పంతులూ?" అని గేటు దగ్గర్నుంచే కేకేసేవారు. మర్నాడు పంతులుగారు ఉప్పు పెంచేవారు. మా మందిరం చరిత్రలో ఫిర్యాదు మీద వెంటనే చర్య తీసుకున్న సందర్భాలు అవే!

"నమ్మకం లేకుండా పోయినోడికి మందిరంలో కర్మేటత్తా?" అన్నారు అధ్యక్షులవారు.

"ఆయన నమ్మలేదు గానీ నాను నమ్మినాను గదా బాబూ! పెళ్ళయిన కాణ్ణించి రోజూ ఆయన పేరు మీదే దీపమెట్టినాను."

"ఒకలెట్టిన దీపం ఇంకొకలికి ట్రాన్స్‌ఫర్ అవదు లా!" అన్నారాయన, మలేషియా అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

కూర్మమ్మత్త చేతిసంచీ పిడిని మెలిపెట్టింది. తరవాత మెల్లగా, "మరైతే ఆయన్ని అక్కడేటి సేస్తారు?" అంది.

అధ్యక్షులవారు నరకాన్ని స్వయంగా తనిఖీ చేసి వచ్చినట్టే వర్ణించారు. పెద్ద బాన, కింద మంట, సలసలా కాగే నూనె! మా చుట్టుపక్కల తోటల నుంచి పామాయిల్ ట్యాంకర్లు అన్నేసి ఎక్కడికి పోతున్నాయో నాకు ఆ రోజే అర్థమైంది.

ఆమె ఏడవలేదు. లేచి వెళ్ళి, అలవాటుగా గేటు బయట నిలబడింది. అక్కడ మోటారుసైకిల్ లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చెంగు తల మీదికి లాక్కుని ఎండలో నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు కౌలాలంపూర్ నుంచి ఫోనొచ్చింది. దాతుక్ కిశోర్‌కుమార్ గారి ఆఫీసు అమ్మాయి రుబిని. దాతుక్ అంటే బిరుదు. పెద్ద పెద్ద భవనాలు కట్టించి ఆ బిరుదు సంపాదించిన మనిషాయన. పక్కన నిలబడి ఫోటో దిగాలని మా అధ్యక్షులవారికి ఏళ్ళ నాటి కోరిక.

"దాతుక్‌గారు చిన్నప్పుడు తిమ్మయ్య మాస్టారి దగ్గర చదువుకున్నారు. పెద్దకర్మకి వస్తానంటున్నారు. ఎక్కడ చేస్తున్నారు?"

అధ్యక్షులవారు ఫోను పట్టుకునే లేచి నిలబడ్డారు. "మందిరంలోనేనమ్మా! ఇంకెక్కడ?"

అత్యవసర సమావేశం జరిగింది. "పంతులూ, ఏదో దారి సూడు" అన్నారు అధ్యక్షులవారు.

"నిన్న తమరే నిబంధనలన్నారు కదండీ..."

"నిబంధనలు దేవుడెట్టినాడా, మనమెట్టినామా? దేవుడి దయ అపారం కాదా?"

పర్మిట్ పొడిగించాలంటే అధ్యక్షులవారి సంతకం కావాలి గనక పంతులుగారికి శాస్త్రం త్వరగానే దొరికింది! "వైరభక్తి అని ఉందండీ. శిశుపాలుడు నిండుసభలో కృష్ణుణ్ణి నానా తిట్లూ తిట్టాడు. చచ్చాక అతని తేజస్సు వెళ్ళి కృష్ణుడిలోనే కలిసింది. తిట్టడానికైనా సరే, దేవుణ్ణి తలుచుకున్నవాడికి మోక్షమే."

"మాస్టారు రోజూ తలిచినాడు గదా?"

"రోజూనండీ. ఉప్పు విషయంలో."

"అయితే మనందరికన్నా పెద్ద భక్తుడు!"

తీర్మానం ఏకగ్రీవం. మాస్టారికి బాన నుంచి నేరుగా వైకుంఠానికి బదిలీ!

ముగ్గురం వెళ్ళి కూర్మమ్మత్తకు కబురు చెప్పాం. దాతుక్ సంగతి మాత్రం చెప్పలేదు.

"నిజింగానా బాబూ? నూనిలోంచి తీసీసినారా?"

"తీసీసినాం అత్తా. శాస్త్రంలోనే ఉన్నాది."

రెండు చేతులతో మొహం కప్పుకుని ఇప్పుడేడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని మాకు టీ పెట్టింది. నా టీ మాత్రం నేను అలాగే వదిలేసి వచ్చాను.

పెద్దకర్మ నాటికి హాలు గోడంత బ్యానరు వేయించారు అధ్యక్షులవారు. 'పరమభక్త తిమ్మయ్య మాస్టారు'! ఫోటోలో నుదురు బోసిగా ఉందని కంప్యూటర్లో నిలువు నామం దిద్దించారు. బతికుండగా ఆయనకు నామం పెట్టగలిగినవాడు జిల్లాలో లేడు. పోయాక మేం పెట్టాం.

దాతుక్ వచ్చారు. తెల్లచొక్కా, మామూలు చెప్పులు. అధ్యక్షులవారు మైకు అందుకుని, మాస్టారు ఈపాటికి వైకుంఠంలో ముందు వరసలో కూర్చున్నారని ప్రకటించారు. దాతుక్ బ్యానరు కేసి చాలాసేపు చూశారు.

"ఈయన మా మాస్టారేనా?" అన్నారు. "దేవుడు లేడని నాకు మొదట చెప్పింది ఆయనే. నేను ఇప్పటికీ నమ్మను. ఈ నామం ఎవరు పెట్టారు?"

అధ్యక్షులవారు నావైపు చూశారు. నేను పంతులుగారి వైపు చూశాను. పంతులుగారు రాముడి వైపు చూశారు.

అధ్యక్షులవారే ముందు తేరుకున్నారు. "ఆహా! గురువుని మించిన శిష్యుడు! తమరిది ఇంకా గొప్ప వైరభక్తి, దాతుక్! తమరికీ వైకుంఠమే!" అంటూ దండ వేసి, ఫోటోకి నవ్వారు. దాతుక్ నవ్వలేదు. దండ తీసి బల్ల మీద పెట్టారు.

అప్పుడు లేచింది కూర్మమ్మత్త. సంచీలోంచి చిన్న ఫ్రేమొకటి తీసింది. మోటారుసైకిల్ మీద కూర్చుని, పేపరు మీంచి ఎవరినో వెక్కిరిస్తున్న మాస్టారు. దాన్ని దీపం పక్కన నిలబెట్టింది.

"ఆ పెద్ద బొమ్మ దింపీండి నాయినా. నామమెట్టుకుని ఎల్తే దేవుడు పోల్చుకోలేడు. రోజూ గేటు కాడ ఈ మొహమే గదా సూసినాడు!"

దాతుక్ కుర్చీ ఎక్కి స్వయంగా బ్యానరు తాడు విప్పారు. అధ్యక్షులవారు గొంతు తగ్గించి, ఇంకా ఏదో కాపాడుకుందామన్నట్టు అడిగారు: "ఏం అత్తా, నామం లేకపోయినా దేవుడు క్షమిస్తాడంటావా?"

"ఎవుల్ని బాబూ? మీ మావనా, నిన్నా?"

పంతులుగారు గబగబా మంత్రం అందుకున్నారు.