వాకిట్లో తెల్ల ఎలుగుబంటి

పెడనలో కలంకారీ అద్దకం చేసే మాణిక్యం ఆ ఉదయం రెండు పనులు పెట్టుకున్నాడు: బందరు దుకాణం పుష్పావతి గారి ఉయ్యాల దుప్పట్లు ఉడికించి ఆరేయడం, గుడివాడలో ఉన్న అల్లుడు హరిబాబుకు మరోసారి ఫోన్ చేయడం. పురిటికి వచ్చిన కూతురు ప్రసన్నకు కవలలు పుట్టారు. తెల్లారితే బారసాల. అల్లుడు మాత్రం చేపల చెరువు పట్టుబడి ఉందంటూ ఇంతవరకూ పిల్లల మొహం చూడలేదు. ప్రసన్న పైకి ఏమీ అనదు గానీ, వీధి చివర బస్సు ఆగితే చాలు, తల తిప్పి చూస్తుంది.

దుప్పటి మీది బొమ్మ పుష్పావతి గారు చెప్పిందే. మంచుగుహలో తెల్ల ఎలుగుబంటి, దాని రెండు పిల్లలు. జతకట్టాక మగది దాని దారిన అది పోతుందట. ఆడది ఒంటరిగా మంచులో గుహ తవ్వుకుని, చలికాలమంతా పస్తుండి, అక్కడే కని, పాలిచ్చి పెంచి, ఎండ పొడ తగిలాకే పిల్లలను బయటికి తెస్తుందట. ఇదంతా ప్రసన్న కథే అనిపించింది మాణిక్యానికి. తండ్రి లేని బొమ్మను ఉయ్యాలలో పరచడం శుభం కాదని, ఎవరితోనూ అనకుండా గుహ వాకిట్లో మగదాన్నీ నిలబెట్టాడు. చుట్టూ నలుపు అద్ది, కళ్లకు మంగళకరమని ఎరుపు పెట్టాడు. పటికతో అద్దిన ఎరుపు, గుడ్డ ఉడికేదాకా కంటికి కనిపించదు.

సందె వేళకు కనిపించింది. దండేల నిండా తెల్లటి ఆకారాలు, ఎర్రటి కళ్లు, అన్నీ ఉయ్యాలలోని పిల్లలకేసే చూస్తున్నాయి. గాలి వీచినప్పుడల్లా ఒక అడుగు ముందుకు వేసినట్టుంది. వీధి కుక్కలు మొరగడం మానేశాయి.

మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి చిట్టెమ్మ గోడ మీదుగా ఒక్కసారి చూసి, మజ్జిగ మాట మరిచి, తిన్నగా టెలిఫోన్ బూత్‌కు పోయి హరిబాబుకు ఫోన్ చేసింది.

"బాబూ, మీ పిల్లల కోసం ఏదో వచ్చి వాకిట్లో నిలబడింది. ఒళ్లు తెలుపు, కళ్లు ఎరుపు. పొమ్మన్నా పోవట్లేదు."

ఆమె తిరిగొచ్చేసరికి వీధంతా గుమ్మాలకు వేపమండలు కట్టేసింది. మాణిక్యం భార్య విజయలక్ష్మి ఉయ్యాలను దేవుడి గదిలోకి మార్చింది. అవి ఉత్త గుడ్డలేనని మాణిక్యం మొత్తుకున్నాడు గానీ, తలుపు గడియ మాత్రం తానే వేశాడు.

తెల్లారి మొదటి బస్సుకు, కాళ్లకు చెరువు బురదతోనే హరిబాబు దిగాడు. పిల్లలిద్దరినీ రెండు చేతులా ఎత్తుకుని గుండెకు హత్తుకున్నాడు. ఇక వీళ్లను వదిలి వెళ్లనని మావగారికి మాటిచ్చాడు. ప్రసన్న కళ్లు తుడుచుకుంది. మాణిక్యం మనసు తేలికపడింది.

అంతలో పుష్పావతి గారు దుప్పట్ల కోసం వచ్చారు. ఒకటి విప్పి, గుహ వాకిట్లోని ఎలుగుబంటి మీద వేలు పెట్టారు.

"మగదాన్ని ఎందుకు పెట్టారండీ? ఆకలేస్తే అది పిల్లల్నే తినేస్తుంది. తల్లి దాన్ని దరిదాపులకు రానివ్వదు."

అందరి కళ్లూ మెల్లగా హరిబాబు చేతుల్లోకి తిరిగాయి.

ఆవిడ ఒక్క దుప్పటీ తీసుకోకుండానే వెళ్లిపోయారు. బారసాల మాత్రం సక్రమంగా జరిగింది. ఆ రోజు నుంచి అల్లుడు పిల్లల కోసం చేయి చాస్తే, విజయలక్ష్మి ముందు కడుపు నిండా అన్నం పెట్టిగానీ ఇవ్వడం లేదు.