బెరుకు లేని నియోజకవర్గం

"మూడు నెలల్లో నా నియోజకవర్గంలో మనిషిని చూసి బెదిరే మనిషి ఉండకూడదు!" అని మంత్రిగారు ఎమ్మిగనూరులో ప్రకటించారు. సమస్య కనబడగానే దానికి గడువు పెట్టేయడం ఆయనకే చెల్లింది.

మంజుల ఆ మాట టీవీలో విని చీపురు పక్కన పెట్టింది. ఆమె నర్సింగు చదివింది. ఇంటర్వ్యూకని రెండుసార్లు ఆదోని వెళ్లి, నర్సింగ్ హోమ్ గేటు ముందు గుండెదడ తట్టుకోలేక తిరిగొచ్చింది. వచ్చే సోమవారం రమ్మని మళ్లీ పిలిచారు. ఇదే ఆఖరు.

"ఈ భయం పోగొట్టే డాక్టరమ్మ మూడు నెలలు మనూర్లోనే ఉంటాదంట. పోదాం పా" అంది తల్లి రామమ్మ.

పథకం ప్రారంభోత్సవానికి మనుషులంటే భయపడేవాళ్లు మూడువేల మంది రావాలని పైనుంచి ఆర్డరు. అలాంటివాళ్లు గుంపులోకి రారు కదా అని వార్డు నాయకుడు బసన్న డీలా పడలేదు. పత్తి తీసే కూలీలను ఆటోల్లో తోలించాడు.

"కెమెరా వస్తే తల దించుకోండమ్మా. బెదిరినట్టుండాల."

"ఎంతసేపు బెదరాలప్పా?" అడిగింది కూలీల్లో హనుమంతమ్మ.

"బిర్యానీ పెట్టేదాకా."

తల్లితో వచ్చిన మంజుల సభ గేటు బయటే ఆగిపోయింది. బసన్న చూశాడు.

"ఏం పాపా, ఈడ నిలబడినావు? స్టేజీ ఎక్కి నీ భయం సంగతి మైకులో సెప్పు. దెబ్బకు పోతాది."

తల్లి వెనక్కి నక్కింది మంజుల.

"ఇట్ల చేస్తే ప్రోగ్రాం ఖరాబైతాది" అని విసుక్కుని బసన్న హనుమంతమ్మనే స్టేజీ ఎక్కించాడు. ఆమె మైకు పట్టుకుని వదల్లేదు. మంత్రిగారు అడిగినా ఇవ్వలేదు. "ఈ పొద్దున దాకా నోరు లేని తల్లి!" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు. గడువుకు మూడు నెలల ముందే పథకం విజయవంతమైందని అక్కడికక్కడే ప్రకటించారు.

చివర్లో డాక్టర్ భారతికి రెండు నిమిషాలిచ్చారు. "ఇది పిరికితనం కాదు, జబ్బు. నయమవుతుంది. గుంపులోకి తోసేయకూడదు. ముందు ఒక్క మనిషితో మాట్లాడి..." అంటుండగా డప్పులు మోగాయి.

ఆ మాటలు గేటు బయట మంజుల చెవిన పడ్డాయి. ఒక్క మనిషి.

మర్నాడు తల్లిని వీధి మలుపులో ఆపి, ఒక్కతే డాక్టరమ్మకిచ్చిన కౌన్సెలింగ్ గది దగ్గరకు వెళ్లింది. తలుపుకు తాళం. వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతుల చెమట చున్నీకి తుడుచుకుంది. వెనక్కి తిరిగింది. మళ్లీ వచ్చింది.

"డాక్టరమ్మ... యాడున్నారన్నా?"

"నిన్న సాయంత్రమే పంపించేసినారు. ఊర్లో అందరికీ నయమైపాయ కదా."

"నాకు... నాకు కాలేదన్నా."

వాచ్‌మన్ ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇంత బాగా మాట్లాడతాండావు! ఇంగోసారి సెప్పమ్మా, మంత్రిగారికి పంపిస్తా" అని ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.