తదితరుల శిలాఫలకం

దేశం తన వీరుల్ని ఎన్నటికీ మర్చిపోదని స్మారక శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదిన్నరకి ప్రకటించారు. పదిన్నర దాకా మర్చిపోయి ఉండొచ్చు, అది వేరే సంగతి. ప్రకటన వెలువడ్డ క్షణం నుంచీ మాత్రం దేశానికి అందరూ గుర్తొచ్చేశారు.

"యాభై ఏళ్ల కిందట పొరుగు దేశం సైన్యం మన మీదికి వచ్చినప్పుడు, నది మీది వంతెన దగ్గర మన సైనికులు పన్నెండు మంది వాళ్లని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆపారు. చివరికి వంతెనతో పాటే నదిలో కలిసిపోయారు. ఆ పన్నెండు మంది పేర్లూ శిలాఫలకం మీద చెక్కిస్తున్నాం. నెల రోజుల్లో ఆవిష్కరణ. నేనే ఆవిష్కరిస్తాను," అన్నారు మంత్రిగారు. ఆఖరి మాట దగ్గర ఆయన గొంతు గద్గదమైంది.

ఒక విలేకరి లేచి, "ఆ పన్నెండు మంది పేర్లు చెప్తారా సార్?" అన్నాడు.

"చెక్కిస్తున్నాం అన్నాను కదా. చెక్కాక చదువుకోండి," అన్నారు మంత్రిగారు. ఇంత సూటిగా జవాబు చెప్పే నాయకులు ఈ రోజుల్లో అరుదు.

పేపర్లో ఈ వార్త చదివి ఒక రాతిపని మేస్త్రి ఉలి కింద పెట్టేశాడు. ఆ పన్నెండు మందిలో ఏడోవాడు అతని అన్న.

అన్న యుద్ధానికి వెళ్లేనాటికి మేస్త్రికి తొమ్మిదేళ్లు. శవం రాలేదు, నది ఇవ్వలేదు. వచ్చిందల్లా ఒక ఉత్తరం, అందులో పన్నెండు పేర్లు. వెళ్లే ముందురోజు అన్న వంటింటి గడప మీద మేకుతో తన పేరు చెక్కాడు. "నిక్షేపంలాంటి గడప పాడుచేస్తున్నావు కదరా," అని అమ్మ ఆ రోజు చెడామడా తిట్టింది. ఆ తర్వాత యాభై ఏళ్లుగా ఆ గీతల్నే వేలితో తడుముకుంటోంది. అమ్మకి చదువు రాదు, ఇప్పుడు చూపు కూడా ఆనదు. కానీ ఆ ఒక్క పేరూ ఆవిడ వేలికి చదవడం వచ్చు.

"పెద్దగా చెక్కరా వాణ్ణి," అంది అమ్మ సంగతి తెలియగానే. "గడప మీదుంటే మన ఇంట్లోవాళ్లే తొక్కుతాం. నలుగురిలో నిలబెట్టు."

మేస్త్రి ఆ ఉత్తరం పట్టుకుని స్మారక శాఖకి వెళ్లాడు. అక్కడ అప్పటికే అంతా తలలు పట్టుకుని ఉన్నారు. పన్నెండు మంది ఫైలు పాతబడిపోయిందని పదేళ్ల కిందటే తగలబెట్టేశారట. మనుషుల్ని మర్చిపోకూడదనే శాఖ పెట్టారు గానీ, కాగితాల మాట ఎక్కడా రాయలేదు.

డైరెక్టరుగారు ఉత్తరం చూసి కుర్చీలోంచి లేచినంత పని చేశారు. "పేర్లు నీ దగ్గరున్నాయా? రాతిపనీ నీకే వచ్చా? ఇంకేం, నువ్వే చెక్కెయ్!"

"ఒక కాపీ తీసుకోండి సార్."

"మిషను మీద ఆహ్వానపత్రికలు తీస్తున్నారయ్యా. దాన్ని కదపకూడదు." అని ఫైల్లో స్వహస్తాలతో ఇలా రాశారు: 'పేర్లు మేస్త్రి వద్ద కలవు.' ఆ ఒక్క వాక్యంతో శాఖ పని సగం పూర్తయింది.

రాయి వచ్చింది. నున్నటి నల్లరాయి, నిలువెత్తుంది. పొరుగు దేశం నుంచే తెప్పించారు. మన రాయి కన్నా వాళ్ల రాయి గట్టిదని టెండరు కమిటీ తేల్చింది. యాభై ఏళ్ల కిందటైతే ఈ మాట ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

మూడు వారాలు మేస్త్రి వేరే పని ముట్టలేదు. పన్నెండు పేర్లూ ఒక్క కొలతలో, బొటనవేలి గోరంత లోతు దింపాడు. ఏడో పేరు దగ్గర ఉలి కాస్త ఎక్కువ దిగిందేమో, అది అతనికీ తెలియదు. పని అయ్యాక అమ్మని పెరట్లోకి తీసుకొచ్చి, "ముట్టుకో అమ్మా," అన్నాడు.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇక్కడ కాదు. ఆ రోజు అందరి ముందూ ముట్టుకుంటా. యాభై ఏళ్లు ఆగినదాన్ని, వారం ఆగలేనా?"

మర్నాడు మంత్రిగారి పి.ఎ. వచ్చి, ఆవిష్కరించేవారి పేరు కూడా ఉండాలన్నాడు. న్యాయమే. అడుగున నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. మేస్త్రి అది చూపించాడు.

పి.ఎ. ముఖం మాడిపోయింది. "మంత్రిగారు అడుగునా? వాళ్లు పైనా?"

"వాళ్లు చచ్చిపోయారండీ."

"అదే నేను చెప్పేది. వాళ్లకి పైనైనా కిందైనా ఒకటే. మంత్రిగారు బతికున్నారు కదయ్యా!"

ఈ వాదనకి తిరుగులేదు. మంత్రిగారు పైకెళితే ఉపమంత్రిగారు ఆయన పక్కనుండాలి. ఉపమంత్రిగారుంటే డైరెక్టరుగారికి చోటు లేదంటే బాగుండదు. తర్వాత రాయిని ఎంపిక చేసిన టెండరు కమిటీ, వేదిక కమిటీ, మైకు కమిటీ. రెండు రోజుల్లో జాబితా ఇరవై ఆరుకి చేరింది. ఆవిష్కరణ ముందురోజు పొద్దున్నే డైరెక్టరుగారు మేస్త్రిని పిలిపించి ఇరవై ఏడోది చెప్పారు.

"పొరుగు దేశం రాయబారిగారు."

"ఆయనెందుకు సార్?"

"రాయి వాళ్లదే కదా."

"తూటాలూ వాళ్లవే కదా సార్."

డైరెక్టరుగారు లేచి తలుపు వేసి వచ్చారు. "ఆ మాట బయట అనకు. వచ్చేవారం వాళ్లతో బొగ్గు ఒప్పందం ఉంది. అసలు ఆ రోజు వంతెన దగ్గర ఏం జరిగిందనేదే ఇప్పుడు రెండు శాఖల పరిశీలనలో ఉంది."

"మరి మా పన్నెండు మందికి చోటెక్కడ సార్?"

డైరెక్టరుగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. పెద్దవాళ్ల ఆలోచన చూడముచ్చటగా ఉంటుంది. కళ్లు తెరిచి, "తదితరులు," అన్నారు.

"అంటే?"

"సభల వార్తలు చదవవా? ఎంత పెద్ద సభైనా ఆఖర్న 'తదితరులు' అని వేస్తారు. ఒక్క మాటలో పన్నెండు మందీ వచ్చేస్తారు. ఏ పేరులోనూ తప్పు పడే భయం లేదు. ఆ పాత పేర్లు అరగదీయించెయ్."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఉలీ సుత్తీ ఆ బల్ల మీద పారేసి వచ్చేద్దామనుకున్నాడు. కానీ అతను కాదంటే ఇంకో మేస్త్రి వస్తాడు. వాడు మిషను పెట్టి గంటలో అరగదీస్తాడు. అన్న రెండోసారి కూడా ఆనవాలు లేకుండా పోతాడు.

"అరగదీస్తే రాయి పలచబడి పగులుతుంది సార్," అన్నాడు మెల్లగా. "సున్నం, రాతిపొడి కలిపి లప్పం పెట్టి ముఖమంతా కప్పేస్తాను. దాని మీద ఇరవై ఏడూ చెక్కొచ్చు. నల్లరంగు వేస్తే తేడా తెలీదు. కాకపోతే ఆరడానికి పదిరోజులు పడుతుంది."

"రేపు పదకొండింటికల్లా ఆరాలి. ఆర్డరు వేస్తున్నా," అని డైరెక్టరుగారు అక్కడికక్కడే ఆర్డరు వేశారు. 'సున్నము, రాతిపొడి, నీరు కలిపి కప్పవలెను. పదకొండు గంటలకు ఆరవలెను.'

నిజానికి అలాంటి లప్పంలో జిగురు కలపాలి. లేకపోతే పట్టు ఉండదు. కానీ ఆర్డర్లో జిగురు మాట లేదు. మేస్త్రి ప్రభుత్వ ఆర్డరుని తు.చ. తప్పకుండా పాటించాడు.

ఆవిష్కరణ నాడు మొదటి వరస కుర్చీలకి 'వీరుల కుటుంబాలకు' అని కాగితాలు అంటించారు. ఇరవై ఏడు మంది కుటుంబాలూ వచ్చి హాయిగా కూర్చున్నాయి. అమ్మకి ఆఖరి వరసలో, మైకు పెట్టె పక్కన చోటు దొరికింది.

మంత్రిగారు తెర లాగారు. చప్పట్లు మోగాయి. మంత్రిగారు తన పేరు చదువుకున్నారు. బాగుందనిపించి ఇంకోసారి చదువుకున్నారు. ఉపమంత్రిగారు తనది చదువుకున్నారు. రాయబారిగారు తన పేరు దగ్గర ఒక ఫోటో తీయించుకున్నారు. ఎవరి పేరు వాళ్లకి దొరికింది కాబట్టి ఫలకంలో లోపమేమీ లేదని తేలిపోయింది.

ఇంతలో అమ్మ కొడుకు భుజం పట్టుకుని ఫలకం దాకా వచ్చేసింది. ముసలమ్మని చూడగానే కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. కెమెరాల వెంట మంత్రిగారూ తిరిగారు.

"ఎవరీ తల్లి?" అన్నారు గొంతు తగ్గించి.

"వీరమాతట సార్," అన్నాడు పి.ఎ.

"ఏ వీరుడికి?"

"తదితరులు సార్."

మంత్రిగారు చలించిపోయారు. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఫలకం మీద పెట్టించారు. వెలుతురు తన పేరు దగ్గరే బాగుండటంతో అక్కడ పెట్టించారు.

అమ్మ వేలు ఆ అక్షరాల మీద నడిచింది. "వీడు కాదు," అంది. కింది వరసకి వచ్చింది. "వీడూ కాదు." ఒక్కో వరసా దిగుతూ, "వీడూ కాదు, వీడూ కాదు," అంటూ ఆఖరి మాట దగ్గర ఆగింది. "ఇదెవర్రా? మన వాడేడీ?"

మేస్త్రి ఆవిడ చెవి దగ్గరికి వంగి, "ఉన్నాడమ్మా, లోపల ఉన్నాడు. వానలు పడనీ," అన్నాడు.

"ఇంకా ఆగాలా?" అంది అమ్మ. ఆవిడ అంత అలసటగా మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

తర్వాతి అంశం వందనం. మామూలుగా అయితే ఫిరంగులు పేల్చాలి. కానీ రాయబారిగారు కూర్చుని ఉండగా ఫిరంగి పేలిస్తే ఆయన అపార్థం చేసుకోవచ్చని శాఖ దూరాలోచన చేసి, ఫైరింజనుతో ఇరవై ఒక్క నీటి ధారల వందనం ఏర్పాటు చేసింది. ఫైరింజను డ్రైవరు గొట్టం ఆకాశంలోకి ఎత్తి పట్టుకున్నాడు.

"అలా కాదయ్యా," అని పి.ఎ. అరిచాడు, "ఫలకం మీద పడేట్టు కొట్టు. నీళ్లూ పేరూ కలిసి ఫోటోలో రావాలి!"

మొదటి ధార కొట్టింది. మంత్రిగారు అందరికన్నా పైన ఉన్నారు కాబట్టి అందరికన్నా ముందు ఆయనే కరిగారు. మూడో ధారకి ఉపమంత్రిగారు కారిపోయారు. తొమ్మిదో ధారకి రాయబారిగారూ బొగ్గు ఒప్పందమూ కలిసి డైరెక్టరుగారి బూట్ల మీద పడ్డాయి. కమిటీలు కమిటీలుగా బురదలో చేరాయి. నల్లనీళ్లు మీద పడుతుంటే మొదటి వరస కుర్చీలు వదిలి పరుగెత్తింది.

"ఆపవయ్యా!" అని డైరెక్టరుగారు మొత్తుకున్నారు.

"ఆర్డర్లో ఇరవై ఒకటి అనుంది సార్," అన్నాడు ఫైరింజను డ్రైవరు, లెక్క తప్పకుండా.

ఇరవై ఒకటో ధార అయ్యేసరికి ఫలకం దగ్గర ఇద్దరే మిగిలారు. తడిసిన రాయి మీద పన్నెండు పేర్లు నిగనిగలాడుతున్నాయి. అమ్మ తడిబట్టలతోనే వేలు చాపింది. పైనుంచి ఒక్కో వరసా తడుముతూ ఏడో వరసకి వచ్చింది. ఆ వేలు మరి కిందికి దిగలేదు.

"వీడే," అంది. "వీడే నా బిడ్డ." మేస్త్రి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ మాత్రం ఏడవలేదు, ఎంతసేపటికీ ఆ వేలు తీయలేదు.

స్మారక శాఖ ఊరుకుంటుందా? నాలుగో రోజున మేస్త్రి ఇంటికి మెమో వచ్చింది. అతను వంటింట్లో గడప పక్కన కూర్చుని చదువుకున్నాడు.

'సదరు శిలాఫలకంపై శాఖ అనుమతి లేకుండా పన్నెండు మంది వ్యక్తులు తమ పేర్లు చెక్కించుకున్నట్లు మా దృష్టికి వచ్చినది. వీరు ఎవరో, ఏ హోదాలో పాల్గొన్నారో తెలుపు పత్రములేవీ శాఖలో లేవు. ఫైలు ప్రకారము వీరి పేర్లు మీ వద్ద కలవు. కావున పన్నెండు మందియు ఏడు దినములలోగా స్వయముగా కార్యాలయమునకు హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

"ఏంట్రా ఆ కాగితం?" అంది పొయ్యి దగ్గర్నుంచి అమ్మ.

"అన్నని రమ్మంటున్నారమ్మా. ఏడు రోజుల్లోగా."

అమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి గడప మీద కూర్చుంది.

"కన్నతల్లిని, యాభై ఏళ్ల నుంచి పిలుస్తున్నా, నాకే పలకలేదు. వీళ్లు పిలిస్తే వస్తాడా?" అంది. వేలు అలవాటుగా ఆ గీతల మీదికి పోయింది. "ఒకవేళ వస్తే మాత్రం, ముందు ఇంటికొచ్చి ఇంత అన్నం తిని వెళ్లమను."