ఒకటో నంబరు ట్యాంకు

"ఇకమీదట నీళ్లున్నాయో లేవో కొళాయి చెప్పదు, కంప్యూటరు చెబుతుంది" అని మంత్రిగారు ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఎనిమిది వీధుల ట్యాంకుల్లో నీటిమట్టం కొలిచి తెర మీద చూపించే డేటా అక్విజిషన్ కార్డును ఆయన స్వహస్తాలతో ఆన్ చేశారు. ఎనిమిది గళ్లలోనూ తొంభై రెండు శాతం అని పడింది. ఇంతటి సమానత్వం ఇదివరకు ఎవరూ సాధించలేదని ఆయనే చెప్పారు.

మాది ఆరో నంబరు వీధి. దేవుడి మీద నమ్మకం ఉన్నవాణ్ణి కనక ఇంటికెళ్లి కొళాయి తిప్పాను. గాలి వచ్చింది. గాలి రావడం అప్పటికి నాలుగో రోజు. తెర మీద ఇరవై శాతం లోపు పడిన వీధికే నీళ్ల లారీ పంపాలని రూలు. కాబట్టి మాకు లారీ రాదు.

ఆ కార్డు చూసుకునే టెక్నీషియన్ మా బావమరిదే.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"వైరు ఒకటో ట్యాంకుకే వేశారు బావా. ప్రారంభోత్సవానికి అది చాలన్నారు. కార్డేమో ఎనిమిదింటినీ వరసగా చూసుకుంటూ పోతుంది. వైరు లేనిచోట ఇందాక చూసిన అంకెనే మళ్లీ అప్పజెబుతుంది."

"పక్కవాడి పేపరు చూసి రాస్తోందన్నమాట."

"అదే బావా. పైగా అందరికీ ఫస్టు క్లాసు."

మర్నాడు మంత్రిగారి ఎదుటే వాడు కార్డులో మా వీధి వైరు రావలసిన ఆరో చానల్‌ను, సున్నా కొలత ఇచ్చే గ్రౌండ్‌కు అంగుళం వైరుతో కలిపాడు. ఆరో గడిలోనూ, దాన్ని చూసి రాసే ఏడు, ఎనిమిది గళ్లలోనూ సున్నా పడింది. మంత్రిగారు కుర్చీలోంచి లేచారు.

"నీళ్లేవయ్యా?"

"అక్కడ మొదట్నుంచీ కొలతే లేదండీ. ఈ వైరు పెడితే బయటపడింది."

"అంగుళం వైరు ట్యాంకెడు నీళ్లు తాగేసిందా? పీకెయ్."

పీకాడు. తొంభై రెండు పడింది.

"చూశారుగా, అరనిమిషంలో నింపించాను" అన్నారాయన విలేకరులతో. మళ్లీ వైరు ముట్టుకుంటే ఉద్యోగం ఉండదని మావాడికి మెమో ఇచ్చారు.

మా ఆవిడ ఆ మెమో చదివి తమ్ముణ్ణి ఒకటే అడిగింది.

"ఆ ఒకటో నంబరు ట్యాంకు ఎవరిదిరా?"

"మంత్రిగారి వీధిదే అక్కా."

ఆవిడ నాచేత అర్జీ రాయించింది. మంత్రిగారి ఆరోగ్యం ప్రజల ఆస్తి కనక వారి ట్యాంకును ఖాళీ చేసి శుభ్రంగా కడిగించవలసిందని. అందులో అబద్ధమేమీ లేదని రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టాను. దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను, ఎందుకో ఆయనకే తెలుసు.

శుక్రవారం పొద్దున్న ట్యాంకు ఖాళీ చేశారు. ఎనిమిది గళ్లలోనూ సున్నా పడింది. పది నిమిషాల్లో ఎనిమిది లారీలు బయల్దేరాయి. మా ఆవిడ బిందెలు, బకెట్లు, చివరికి పెరుగు గిన్నె కూడా నింపింది.

సాయంత్రానికి తొంభై రెండు తిరిగొచ్చింది. ఎనిమిది ట్యాంకుల్నీ ఒక్కపూటలో కడిగించిన ఘనత తమదేనని మంత్రిగారు ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. తన ఆరోగ్యం మీద మా వీధికున్న శ్రద్ధకు చలించిపోయి, ఇక ప్రతి శుక్రవారం కడిగించమని ఆర్డరు వేశారు. మిగిలిన ఏడు వైర్లూ అక్కర్లేదని అందులోనే రాశారు.

ఆయన నూరేళ్లు చల్లగా ఉండాలి. మా ఇంట్లో గురువారం సాయంత్రమే బిందెలు తోమి బోర్లిస్తున్నాం.