ప్రింటరు జ్ఞాపకశక్తికి వీడ్కోలు

ఆఫీసు ప్రింటరు చేత అన్నీ మరిపించబోతున్నామని, జిల్లాలో ఇదే మొట్టమొదటి ‘మెమరీ ప్రక్షాళన కార్యక్రమ’మని సోమవారం పదకొండు గంటలకు ఎమ్మార్వో జయరావుగారు ప్రకటించారు. వరండా ఊడుస్తున్న మునిరత్నమ్మ చీపురు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. అంత పెద్దాయన ప్రకటిస్తుంటే కొట్టకపోతే బాగుండదు.

సంగతేమంటే, అద్దెకు తెచ్చిన ఆ పెద్ద ప్రింటరు గడువు తీరి తిరుపతికి వాపసు పోతోంది. అచ్చయిన ప్రతి కాగితమూ దాని లోపలి డిస్కులో నిలిచి ఉంటుందని మెకానిక్ ధర్మేంద్ర నోరు జారాడు. అప్పటినుంచి సారుకు ఇడ్లీ గొంతు దిగలేదు.

ఇళ్లస్థలాల మొదటి జాబితా అందులోనే అచ్చయింది. గ్రామసభలో చదివిన ఆ జాబితాలో పద్నాలుగో పేరు మునిరత్నమ్మది. తర్వాతి జాబితాలో పద్నాలుగో పేరు రాజారత్నంది. ఆయనకు తిరుపతిలో మేడ ఉంది గానీ, సారుకు బావమరిది కూడా కావడంతో పేదవాడిగా పరిగణించక తప్పలేదు. మొదటి జాబితా ఏదని మునిరత్నమ్మ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఎలుకలే తిన్నాయి.

“ఎంతసేపప్పా చెరిపేదానికి?” అన్నారు సారు.

“పది నిమిషాలు సార్. మీట నొక్కితే మూడుసార్లు అదే చెరుపుకుంటాది. మళ్లీ ఎవురూ తీయలేరు.”

“నొక్కు!”

“ఆగండి సార్!” హెడ్ క్లర్కు చెంగల్రాయుడు లేచాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో రూలు లేకుండా ఒక్క కాగితం చింపని మనిషి. “సర్కారు రికార్డు నాశనం చేసేముందు, ఏమేమి చెరిపేస్తా ఉండామో జాబితా ఉండాల. లేకుంటే రేపు మీమీదికే వస్తాది.”

“అయితే రాసెయ్.”

“లోపలేముండాదో తెలీకుండా ఎట్ల రాసేది సార్? అన్నీ బయటికి తీయాల. నకళ్లు జతచేయాల. మూడు సెట్లు.”

“చెరిపేదాన్ని మళ్లీ అచ్చేసేదేంది సార్?” అన్నాడు ధర్మేంద్ర.

“నువ్వు మెకానిక్కువి. నీకు రూల్సు తెలీవు,” అన్నారు సారు.

ప్రింటరు రెండు రోజులు కక్కింది. నాలుగువందల పన్నెండు పేజీలు, మూడేసి నకళ్లు. సీలు వేసేవాళ్లకు చదివే తీరిక లేదు. ప్రతి పేజీ కిందా ‘నాశనానికి అనుమతించడమైనది’ అన్న ముద్ర మీద సారు తలెత్తకుండా సంతకాలు పెట్టారు. మూడో రోజు టెంకాయ కొట్టి మీట నొక్కారు. ప్రింటరు అన్నీ మరిచిపోయింది. ఫోటో తీశారు.

“ఒక సెట్టు కలెక్టరాఫీసుకు పంపించేసినా సార్. ఒకటి ఫైలుకు. ఇంగొకటి నోటీసు బోర్డుకు,” అన్నాడు చెంగల్రాయుడు.

“బోర్డుకా? ఎవురన్నా సదివితే?”

“అభ్యంతరాలకు పదైదు రోజులు. రూలు సార్.”

సారు గొంతు తగ్గించారు. “అయితే మునిరత్నమ్మ చేతికియ్యి. ఆయమ్మకు సదువు రాదు. రహస్యంగా ఉంటాది.”

ఆమె రెండేళ్లుగా సాయంత్రాలు పెద్దలబడికి పోతున్న సంగతి సారు అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

“బోర్డులో ఒక్క కాగితానికే చోటుండాది సార్. ఏది అంటించేది?”

“నీకు ఏదైనా ఒకటే గదమ్మా! ఏదో ఒకటి అంటించు.”

మునిరత్నమ్మ వరండాలో చతికిలబడి, మైదా గంజి పక్కన పెట్టుకుని, ఒక్కొక్క పేజీ తిప్పింది. పెదవులు మెల్లగా కదిలాయి. గంజి తెట్టె కట్టింది. మధ్యాహ్నం మూడింటికి ఒక కాగితం దగ్గర ఆమె వేలు ఆగింది. లేచి దాన్ని బోర్డుకు అంటించి, పద్నాలుగో వరస మీద అరచేత్తో రెండుసార్లు అదిమింది.

ఐదింటికి సారు ఇంటికి బయలుదేరారు. బోర్డు ముందు అప్పటికే పదిమంది మూగి, వేళ్లతో పేర్లు వెతుక్కుంటున్నారు. వాళ్ల తలల మీదుగా ఒకసారి చూసి, సారు మునిరత్నమ్మను మెచ్చుకున్నారు.

“సదువు రాకపోయినా తలకిందులు కాకుండా అంటించినావే!”