పోయినామె, వచ్చినామె

సత్తిరాజుతో వచ్చిన చిక్కల్లా ఆయనకు చెడ్డ అలవాటు ఒక్కటీ లేకపోవడమే. ఉంటే భ్రమరాంబ దాన్నే పట్టుకుని సాధించేది. ఆయనకున్నదల్లా కాగితం మీద నమ్మకం. నెత్తిన వాన పడుతున్నా సరే, పేపర్లో రాయకపోతే తడుస్తూ వెళ్ళే మనిషి.

ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎగిరిన ఏడాది ఆయనకు యానాం నుంచి పాండిచ్చేరికి బదిలీ అయింది. ఊరి పొలిమేరల్లోని చౌకీలను అప్పుడు ఎత్తేస్తున్నారు. ఎత్తేసే ముందు ఒక్కో చౌకీ పుస్తకంలో బయటికి పోయినవాళ్ళూ లోపలికి వచ్చినవాళ్ళూ సరిపోవాలి. అలా సరిచూసే ఉద్యోగం సత్తిరాజుది.

ఆ గురువారం, ఇంకా ఆరు కొట్టకముందు, ఆయన గడ్డం గీసుకుంటుంటే భ్రమరాంబ తన కార్యక్రమం చెప్పింది.

"సారం పేట దాటి ఎర్రమెట్ట ఎక్కుతానండి. అవతల చెట్ల లోయలోకి దిగి, పిళ్ళైచావడి దగ్గర తేలి, సముద్రం ఒడ్డునే ఇంటికొచ్చేస్తాను. ఒంటిగంటకి చారు పెడతాను."

"ఒక్కదానివేనా?"

"ఇద్దరం వెళ్తే మాట్లాడుకోవాలి కదండీ."

"మెట్టకీ లోయకీ మధ్య దారి లేదు. ఆఫీసు పటంలో చూశాను."

"పటం గీసినాయన దిగలేదేమో."

"ఆడవాళ్ళు వెళ్ళే చోటు కాదది. వెళ్ళవులే," అంటూ ఆయన రెండో చెంపకు సబ్బు రాసుకున్నాడు.

ఆ 'లే' ఆమెకు గుచ్చుకుంది. గొడుగు తీసుకుని బయటపడింది.

రాకపోకలకు అనుమతి చీటీలు అక్కర్లేని రోజులొచ్చాయి గానీ, రాయడం మానమని చౌకీవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పడమటి చౌకీలో కూర్చునే పురుషోత్తమన్ తాతల నాటి నుంచీ అక్కడి తెలుగువాడే.

"యాడికమ్మా పోతుండేది, ఇంత పొద్దున్నే?"

"ఓసారి చుట్టొద్దామనండి."

"చుట్టాలింటికా. సరి సరి. పేరు?"

"మనిషిని ఎదురుగా పెట్టుకుని పేరెందుకండీ?"

పురుషోత్తమన్ కాస్త ఆలోచించి, 'ఒక ఆడమనిషి, గొడుగు, చుట్టాలింటికి పోయింది' అని రాసుకున్నాడు.

మెట్టంతా ఊదారంగున వెంపలి పూసి ఉంది. మోకాళ్ళదాకా పూలు, ఆ పైన గాలి. 'ఎవరి తాలూకమ్మా' అని అడిగే నాథుడు కనుచూపుమేరలో లేడు. మేకలు తొక్కిన బాట ఒకటి, పటానికి తెలియకుండా, లోయలోకి దిగింది. జీడిమామిళ్ళ నీడలో వాననీళ్ళు పారుతున్నాయి. భ్రమరాంబ చెప్పులు చేతబట్టుకుని దాటి, ఒక రాతిమీద కూర్చుని, పెళ్ళయ్యాక మొదటిసారి ఎవరూ మంచినీళ్ళడగని అరగంట గడిపింది. ఆ సుఖంలో గొడుగు అక్కడే మరిచిపోయింది. సముద్రం చౌకీలో కరుప్పన్ ఆమెను చూసి, 'ఒక ఆడమనిషి, చేతిలో పూలు, వచ్చింది' అని రాసుకున్నాడు.

శనివారం భోజనాల దగ్గర సత్తిరాజు ముఖం గంభీరంగా ఉంది.

"పడమటి చౌకీలో ఒకామె పోయింది, తిరిగి రాలేదు. సముద్రం చౌకీలో ఒకామె వచ్చింది, అసలు పోనేలేదు. లోయలో గొడుగు దొరికింది. మొదటామెని ఎవరో చంపేశారు, రెండో ఆమె గూఢచారి. మా జగన్నాథన్ సారు రెండు దస్త్రాలు తెరిచారు."

"ఇద్దరూ నేనేనండి. గొడుగు మనదే."

"ఒక్క మనిషి రెండు దస్త్రాల్లో ఎలా పడుతుందే? మధ్యలో దారి లేదని చెప్పానుగా. మజ్జిగ పొయ్యి. ఇకమీదట ఒంటరి ఆడవాళ్ళు మెట్టమీదికి వెళ్ళకూడదని ఉత్తర్వు రాయించారు. సోమవారం సాయంత్రం సంతకం."

మజ్జిగ ముంతలోనే ఉండిపోయింది. ఆ మెట్ట కూడా పోతే ఈ ఊళ్ళో తనకు మిగిలేది ఉప్పళంలో అద్దె వంటిల్లూ, బట్టలారేసే డాబా.

సోమవారం పొద్దున భ్రమరాంబ మళ్ళీ బయల్దేరింది, ఈసారి రెండు చౌకీల్లోనూ పేరు రాయించడానికి.

"వద్దమ్మా," అన్నాడు పురుషోత్తమన్. "పోయిన వారం ఒగామె చుట్టాలింటికని పోయి తిరిగి రాలేదు."

"అది నేనేనండి."

"తిరిగి రానామె మళ్ళా ఎట్లా పోతుంది?"

"రాసుకోండి. ఎస్. భ్రమరాంబ, ఉప్పళం. మీ పుస్తకాలు సరిచూసే సత్తిరాజు గారి భార్య."

ఆమె కనుమరుగు కాగానే పురుషోత్తమన్ సైకిలెక్కి ఆఫీసులో వాలాడు.

"సార్, మీ ఇంటామె గూడా పోయింది."

పురుషోత్తమన్ తెలుగులో పోవడమంటే వెళ్ళడం. యానాం తెలుగులో మనిషి పోయిందంటే ఏడవాలి. సత్తిరాజు కుర్చీలో కూలబడి ఆ పనే మొదలుపెట్టాడు. అర్థాలు తేలేసరికి జగన్నాథన్ జీపు తెప్పించాడు. చౌకీ దాటగానే సత్తిరాజు జీపులోంచి దూకి, భార్యను పేరుపెట్టి పిలుస్తూ వెంపలి పొదల్లో పడి మాయమయ్యాడు. మధ్యాహ్నం దాకా చూసి చూసి, ఇంటి దగ్గర ఎవరైనా ఉంటే ధైర్యం చెబుదామని జగన్నాథన్ ఉప్పళం వచ్చాడు. ఇంట్లో భ్రమరాంబ చారుకు తాలింపు పెడుతోంది.

"ఏందమ్మా, మీరు ఈడే ఉండారే?"

"మా ఇల్లండి. ఆయనేరి?"

"మిమ్మల్ని ఎతికేదానికి లోయలో దిగినాడు."

"అయితే సముద్రం దగ్గర తేలతారు. పదండి," అని ఆమె పొయ్యి ఆర్పింది.

సముద్రం చౌకీలో సత్తిరాజు బల్లమీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళదాకా బురద, ఒక కాలికే బూటు, జుట్టునిండా ఊదాపూలు. కరుప్పన్ కర్ర పట్టుకుని కాపలా కాస్తున్నాడు.

"ఈయన ఇట్లా పోలేదు సార్, వచ్చినాడు. అడిగితే ఆఫీసరంటాడు. ఆఫీసర్లు జీపులో గదా వస్తారు?"

జగన్నాథన్ భ్రమరాంబ వైపు తిరిగాడు. "ఈయనెవరో తెలుసునామ్మా?"

ఆమె తీరిగ్గా పరిశీలించింది. "మా ఆయన పోలికలే ఉన్నాయండి. కానీ మా ఆయన ఇటు రాలేరు. మధ్యలో దారి లేదు."

జగన్నాథన్ జేబులోంచి సంతకం కాని ఉత్తర్వు తీశాడు. "దారి ఉండాదా లేదా సత్తిరాజు? లేదంటే నీకు మూడో దస్త్రం తెరవాల. ఉందంటే ఈ కాగితం చించాల."

సత్తిరాజు భార్యను చూశాడు, తన బూటులేని కాలిని చూసుకున్నాడు. "ఉంది సార్. పోయినామే వచ్చినామె. తప్పు నాదే."

"కొంచెం గట్టిగా చెప్పండి," అంది భ్రమరాంబ. "సముద్రం హోరు."

"తప్పు నాదే."

జగన్నాథన్ ఉత్తర్వును రెండుగా చించాడు. కరుప్పన్ పుస్తకం ముందుకు లాక్కుని, 'వచ్చిన కారణం' అన్న గడిలో 'తప్పు నాదే' అని రాసుకున్నాడు.