గుండిగ మీద పేరు

ఆ రోజు ఉదయం సాంబమూర్తి పెట్టుకున్న పని ఒక్కటే. నిన్న మిగిలిపోయిన గుండిగెడు పులిహోరను దగ్గరుండి పారబోయించడం. బనీను మీద తువ్వాలు వేసుకుని, పేపరు చేత్తో పట్టుకుని చేయదగ్గ పని. అది కాస్తా తనను ఎల్బీనగర్ చౌరస్తాలో మైకు ముందు నిలబెడుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ మహానుభావుడు వంటింటి గడప తొక్కేవాడే కాదు.

సాంబమూర్తి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో డాక్టరు సీట్ల కోసం చదివే పిల్లలకు జీవశాస్త్రం చెబుతాడు. అందులోనూ సూక్ష్మక్రిముల పాఠమంటే ఆయనకు పూనకమే. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక సెంటరు మూతబడింది. పదహారు రోజులుగా వినే నాథుడు లేక, ఆ పాఠమంతా భార్య హనుమాయమ్మకు చెబుతున్నాడు. ఆవిడ కూరలు తరుగుతూ వింటుంది, వినదు.

నిన్నటికి వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. ముప్పయి మందిని భోజనానికి పిలిచారు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, కొత్తపేట నుంచి నడిచి వచ్చినవాళ్ళు నలుగురే నలుగురు. బొగ్గు గనుల్లో సమ్మె మూలాన కరెంటు రాత్రి ఏడింటికి పోయింది, తెల్లారినా రాలేదు. ఫ్రిజ్జు ఉత్త బీరువా అయి కూర్చుంది. అది పనిచేసినా, ఆ గుండిగ అందులో పట్టేది కాదు. హనుమాయమ్మ పుట్టింటివాళ్ళు తణుకులో చేయించి ఇచ్చిన గుండిగ అది. 'సాంబమూర్తి, హనుమాయమ్మ, పెళ్ళి కానుక, 1986' అని దాని బొజ్జ మీద చుక్కలతో చెక్కించారు.

ఆరింటికి సాంబమూర్తి మూత తీసి, ముక్కు మూసుకున్నాడు. ముక్కు మూసుకుని వాసనెలా చూశాడో ఆయనకే తెలియాలి.

"పారబొయ్యి."

"బాగానే ఉందండీ. పులిహోరకేమవుతుంది?"

"ఏమవుతుందా? ఇరవై నిమిషాలకి ఒక క్రిమి రెండవుతుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా లెక్కెయ్యి. ఒక్కటి నూట ఏడు కోట్లు! నూట ఏడు కోట్లే హనుమా! మన దేశ జనాభా అంత!"

"ఆ చేత్తోనే గుండిగ కిందకి దింపుదురూ, బరువుగా ఉంది."

"నేను ముట్టుకోను. పారబొయ్యి, వేణ్ణీళ్ళతో కడుగు."

"సరేలెండి, ఖాళీ చేస్తాను."

ఇంత త్వరగా ఒప్పుకున్నందుకు సాంబమూర్తికి కాస్త అనుమానం రావలసింది. పాతికేళ్ళలో ఆవిడ మెతుకు పారేయడం ఆయన చూడలేదు. కానీ గెలిచానన్న సంబరంలో పేపరు తీసుకుని డాబా మీదకి వెళ్ళిపోయాడు.

ఎనిమిదిన్నరకు కిందికి దిగేసరికి పళ్ళెంలో పొగలు కక్కుతూ పులిహోర.

"మళ్ళీ ఇదేనా? ఎప్పటిదే?"

"ఆవిరి మొహాన కొడుతుంటే ఎప్పటిదంటారేవిటి? చల్లారిపోతుంది, తినండి."

తిన్నాడు. మారు వడ్డించుకున్నాడు. వేరుశనగపప్పు కరకరలాడుతోంది, ఇంగువ ఘుమఘుమలాడుతోంది. "చూశావా! తాజాదానికీ నిల్వదానికీ ఎంత తేడా ఉందో! నాలిక మీద పెట్టగానే చెప్పెయ్యగలను నేను," అన్నాడు వేళ్ళు నాకుతూ. హనుమాయమ్మ కింది వాటాలోకి వెళ్ళిపోయింది.

కింది వాటా ఇంటివాళ్ళది. కొమరయ్య బస్సు డిపోలో మెకానిక్, సమ్మెలో ఉన్నాడు. ఆయన భార్య రెబెక్క. కొడుకు ఆనంద్ కుమార్ సమ్మె నడిపే కాలనీ జేఏసీలో ముందుండే మనిషి. మన్సూరాబాద్‌లో ఆ ఇంట్లో సాంబమూర్తి అద్దెకు దిగి పద్దెనిమిదేళ్ళు. ఆయనకు కడుపులో అపెండిక్సు వాచి మెలికలు తిరిగిపోయిన రోజున స్కూటరు మీద దవాఖానకు మోసుకెళ్ళింది కొమరయ్యే. ఉద్యమం మొదలయ్యాక సాంబమూర్తి ఇంట్లో ఒకటే మాట చెప్పాడు. "మనం గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళం. అటూ వద్దు, ఇటూ వద్దు. నోరు మూసుకుని మన పని మనం చూసుకుందాం." హనుమాయమ్మ దానికీ "సరేలెండి" అనే అంది.

చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చిన సాంబమూర్తికి గేటు ముందు జెండాలు కట్టిన ట్రాలీ ఆటో కనబడింది. ఆనంద్ కుమార్, ఇంకో మనిషి కలిసి అందులోకి ఒక గుండిగ ఎక్కిస్తున్నారు. ఎండ పడి దాని బొజ్జ మీద చుక్కలు మెరిశాయి. మూత పక్కనుంచి పసుప్పచ్చని మెతుకులు కనిపించాయి. ఆటో వెనక బట్ట మీద 'ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు' అని రాసి ఉంది. నడిరోడ్డు మీద వండుకుని తిని నిరసన తెలపడం ఆ రోజుల్లో ఊరూరా జరుగుతోంది.

సాంబమూర్తికి విషయమంతా అర్థమైపోయింది. నిన్నటిది పారేయడానికి చేతులు రాక, పుణ్యమూ దక్కుతుందని హనుమ సమ్మెవాళ్ళకు ఇచ్చేసింది!

"ఆనంద్! బాబూ ఆనంద్!"

ఆటో వెళ్ళిపోయింది. హనుమాయమ్మ ఇంట్లో లేదు, ఆవిడ సెల్‌ఫోను మాత్రం బియ్యం డబ్బా మీద మోగుతోంది. కింద తలుపుకు తాళం. ఆనంద్ ఫోను ఎంతకీ కలవదు.

ఇక ఆలోచించడానికి ఏముంది? నాలుగు వందల మంది తింటారు, వాంతులవుతాయి. తిండి పెట్టిందెవరు? ఆంధ్రా లెక్చరరు. సాక్ష్యం? పేరూ, సంవత్సరంతో సహా గుండిగ మీద ఉంది. పోలీసులూ దెబ్బలూ ఒక ఎత్తు, కొమరయ్య మొహం చూడాల్సి రావడం ఒక ఎత్తు. ఆ ఇంట్లో అన్నం తిన్నాడు, క్రిస్మస్‌కు కేకు తిన్నాడు. వాళ్ళ మనుషులకు పాచి పెట్టాడన్న మాట పడితే ఆ మెట్లు మళ్ళీ ఎక్కగలడా? సాంబమూర్తికి ఏడుపొచ్చింది. చొక్కా తగిలించుకుని, చెప్పులు మరిచిపోయి, రోడ్డున పడ్డాడు.

రెండు వీధులు దాటేసరికి ఆయాసం తన్నుకొచ్చింది. వెనకనుంచి స్కూటరొచ్చి ఆగింది. కొమరయ్య. వెనక సీటు మీద విస్తరాకుల కట్ట.

"ఏంది సారూ, గిట్ల ఉరుకుతున్నరు? కాళ్లకు చెప్పులు గూడ లేవు!"

"చౌరస్తాకి వెళ్ళాలండీ. అర్జంటు."

"బంద్ నాడు మీకేం అర్జంటు?"

నిజం చెబితే కొంప మునుగుతుంది. "పులిహోరలో... ఉప్పు తక్కువైందండీ."

"గంతేనా! పరేషాన్ గాకుండ్రి," కొమరయ్య ముందు తగిలించిన సంచీ మీద చరిచాడు. "రెండు కిలోల ఉప్పు గిదే కొంచబోతున్న. మీరు ఇంటికి పోయి పండుండ్రి."

"లేదులేదు! అదీ... నా చేత్తో నేనే వడ్డిద్దామని."

కొమరయ్య బండి ఇంజను ఆపేశాడు. దిగాడు. నడిరోడ్డు మీద సాంబమూర్తిని గట్టిగా కావలించుకున్నాడు.

"పద్దెనిమిది ఏండ్లల్ల ఒక్కనాడు గూడ మీ మనసుల మాట చెప్పకపోతిరి. ఇయ్యాల మా కోసం ఉత్త కాళ్లతోని ఉరికొస్తున్నరు సారూ!" ఆయన కళ్ళు తడిశాయి. "ఎక్కుండ్రి. చాటుకు వడ్డించుడేంది? మైకుల చెప్పిపిస్త."

"మైకొద్దండీ!"

"సిగ్గుపడకుండ్రి."

చౌరస్తాలో టార్పాలిన్లు పరిచారు. రాళ్ళ పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది, డప్పులు మోగుతున్నాయి. బంతులు అప్పటికే కూర్చున్నాయి. అల్లంత దూరాన గుండిగ మూత తీసి గరిటె దింపుతున్నారు. సాంబమూర్తి అటు ఒక అడుగు వేశాడో లేదో, కొమరయ్య చెయ్యి పట్టి వేదిక ఎక్కించాడు. ఆనంద్ కుమార్ మైకు అందుకున్నాడు.

"మన కాలనీల ఉండే ఆంధ్రా సారు, మన సమ్మెకు మద్దతుగ బువ్వ పంపిండు, తానే నడిచొచ్చిండు! సారు రెండు మాటలు చెప్తడు!"

చప్పట్లు. సాంబమూర్తి మైకు పట్టుకున్నాడు. ఎదురుగా మొదటి బంతిలో జానయ్య అనే ముసలాయన విస్తట్లో పసుప్పచ్చని ముద్ద పడింది. మాటలతో ఆపాలి. గంటలకొద్దీ పాఠం చెప్పిన నోరిది, ఆపలేదా?

"సోదరులారా! భోజనానికి తొందర కూడదు. మహామహులు ఉపవాసాలతో పోరాటాలు చేశారు. ఈ పూట మనమందరం ఉపవాసం ఉందాం!"

డప్పులు కాస్త తడబడ్డాయి. "సారూ, ఇది వంటావార్పు. తినుడే నిరసన," అని వెనకనుంచి ఒకాయన అరిచాడు. అందరూ నవ్వారు. జానయ్య ముద్ద చేసి నోటి దాకా ఎత్తాడు.

"తినొద్దూ!" మైకు కీచుమంది. "అది తినొద్దు! అందులో కోట్ల కోట్ల క్రిములున్నాయి!"

డప్పులు ఆగిపోయాయి. మొదటి బంతిలో క్రిములన్న మాట మూడో బంతికి పురుగులైంది, ఆరో బంతికి పురుగుల మందైంది, పోలీసు వ్యాను దగ్గరకు చేరేసరికి విషమైంది. ఒక కానిస్టేబులు అంబులెన్సుకు ఫోను కొట్టాడు. ఎవరో గుండిగ బొజ్జ మీద వేలు పెట్టి, "సాంబమూర్తి అని రాసుంది సూడుండ్రి," అని గట్టిగా చదివాడు.

"అంకుల్, నిజం చెప్పుండ్రి. ఏం కలిపిండ్రు?" ఆనంద్ కుమార్ గొంతు మారిపోయింది.

"ఏమీ కలపలేదు నాయనా! ఒట్టు! అది నిన్నటిది. పారేయమన్నాను, అంతే!"

"పారేసేదా?" అన్నాడు కొమరయ్య మెల్లగా. "పారేసేది మాకు పంపిండ్రా సారూ?"

విషమన్నా ఇంత బాధ ఉండేది కాదేమో. చుట్టూ లేచిన అరుపులేవీ సాంబమూర్తికి వినబడలేదు. కొమరయ్య చేతిలో ఉప్పు సంచీ అలాగే వేలాడుతోంది. ఆ మొహంలోకి చూడలేక తల వంచేసుకున్నాడు. చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు వచ్చారు ఆడవాళ్ళిద్దరూ, మజ్జిగ బకెట్టు చెరో పక్కా పట్టుకుని, మన్సూరాబాద్ నుంచి నడిచి. రెబెక్కకు ఎవరో విషయం చెప్పారు. హనుమాయమ్మ బకెట్టు దింపింది. గుండిగ దగ్గరకు వెళ్ళి, ఒక విస్తరిలో పులిహోర పెట్టుకుని, జానయ్య పక్కన చతికిలబడి తినడం మొదలుపెట్టింది. నాలుగు వందల మందీ ఆవిడ నోటికేసి చూస్తున్నారు.

"హనుమా! అది నిన్నటిదే!"

"నిన్నటిది పదిమందికి ఎలా పెడతానండీ? చెయ్యెలా వస్తుంది?" ఆవిడకు నిజంగానే కోపమొచ్చింది. "పరాయివాళ్ళకి చద్ది పెట్టే ఇంట్లో పుట్టానా నేను? గుండిగ తోమి, పొద్దున ఏడింటికి రెబెక్క వాళ్ళ పెరట్లో కట్టెలపొయ్యి మీద వండి కలిపాను. మీకు చెబితే వద్దంటారని చెప్పలేదు."

"అవు," అంది రెబెక్క. "ఎసరు నేనే పెట్టిన. అన్నం ఈ అక్కనే ఆరవోసింది. ఏం సార్, ఆమె సంగతి మీకు ఎర్కలేదా?"

జానయ్య ఇక ఆగలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని, "పులుపు జబర్దస్త్ పట్టింది," అన్నాడు. కొమరయ్య మొహం విచ్చుకుంది. సాంబమూర్తికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ ప్రాణంతో పాటే ఒక సందేహం కూడా వచ్చింది. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచిపోయి అడిగేశాడు.

"మరి నిన్నటిదేం చేశావే?"

హనుమాయమ్మ కొంగు సర్దుకుంది. "ఖాళీ చేశాను."

"ఎలా?"

"గిన్నెల్లోకి తీసి, మీ వంతుకి కొంచెం కొత్త పోపు వేసి వేడి చేశాను. మీరు మారు వడ్డించుకున్నారు కూడా."

చౌరస్తా చౌరస్తా అంతా నవ్వింది. పోలీసులు కూడా నవ్వారు. సాంబమూర్తి గొంతు మైకులో పీలగా వినబడింది. "ఇవాళొక్కరోజేనా హనుమా?"

ఆవిడ ఇంకో ముద్ద కలుపుకుంది. రెబెక్కే మూతికి కొంగు అడ్డం పెట్టుకుని, "పద్దెనిమిది ఏండ్ల సంది నేనైతే చూస్తున్న సార్," అంది.

సాంబమూర్తి వేళ్ళ మీద లెక్క మొదలెట్టాడు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిదిన్నర. నూట ఏడు కోట్లు దాటి, వేల కోట్లలోకి పోతోంది లెక్క. చెమటలు పట్టాయి. కళ్ళు బైర్లు కమ్మి కొమరయ్య మీద పడ్డాడు. అదృష్టం కొద్దీ, నాలుగు వందల మంది కోసం బయలుదేరిన అంబులెన్సు అప్పుడే వచ్చి ఆగింది. "జర దారియ్యుండ్రి, మన సారు!" అంటూ ఆనంద్ కుమార్ ముందు పరుగెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టరు తేజస్విని ఆయన పొట్ట నొక్కి, నాడి చూసి, చెవుల్లోంచి గొట్టాలు తీసింది. పదేళ్ళ కిందట ఆయన దగ్గర మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల.

"ఏమీ లేదు సార్. చెప్పుల్లేకుండా ఎండలో పరుగెత్తారు, కంగారుపడ్డారు. అంతే."

"క్రిములమ్మా! లెక్క వేశాను!"

"లెక్క సరే సార్. బాగా పులుపున్న చోట చాలా క్రిములు ఆ లెక్కన పెరగవని మీరే కదా చెప్పారు? పాలకీ ఉత్త అన్నానికీ భయపడాలి గానీ, చింతపండు దట్టించినదానికి కొంచెం ఓపిక ఎక్కువన్నారు. అదే ప్రశ్న పరీక్షలో వస్తే రాశాను, మార్కు కూడా వచ్చింది. అలాగని రోజూ తినమనడం లేదు," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

మంచం పక్కన కొమరయ్య స్టూలు మీద కూర్చుని, సాంబమూర్తి కోసం కొన్న కొత్త హవాయి చెప్పులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండవుతోంది. భయం దిగిపోయాక సాంబమూర్తికి నకనకమని ఆకలి మొదలైంది. హనుమాయమ్మ క్యారియర్ మూత తీసి, పసుప్పచ్చని ముద్ద పళ్ళెంలో పెట్టి, ఆయన ముందుకు జరిపింది.

ఎప్పటిదని ఆయన అడగలేదు.